బిడ్డ తలలో వెలుగు

తొంభైల చివర్లో మా ఆయనకు కరీంనగర్‌లో ఒక ప్రైవేటు దవాఖానలో ఆపరేషన్ అయింది. నర్సు వచ్చి ఆయన వేలికి బట్టలారేసే క్లిప్పు లాంటిదొకటి తగిలించింది. దాని లోపల ఎర్ర లైటు. పక్కన చిన్న పెట్టెలో అంకెలు మారుతున్నాయి. ఆయన వేలి కొన ఎర్రగా వెలగడం చూసి నేను లేచి వరండాలోకి వెళ్లిపోయాను. నర్సు నా వెనకే వచ్చింది. "ఏమైందమ్మా, గంత పరేషాన్ అయితున్నవు? అది గుచ్చదు. వట్టి వెలుతురే" అంది. ఆ పిల్ల మంచిదే. ఎర్రటిదొకటి, కంటికి కనపడనిదొకటి, రెండు రకాల వెలుతురు వేలిలోంచి పోతుందనీ, అవతల ఎంత మిగిలిందో చూసుకుని ఆ పెట్టె నెత్తురు సంగతి చెబుతుందనీ ఓపిగ్గా వివరించింది. పెద్ద ఊళ్లలో ఆ కనపడని వెలుతురునే పసిపిల్లల తలలోకి పంపి మెదడు ఎలా పనిచేస్తోందో చూడాలని ప్రయత్నిస్తున్నారట. చాలమ్మా, నాకు చెప్పకు అన్నాను. కాస్త కటువుగానే అన్నాను. నేను లోపలికి తిరిగి వెళ్లేసరికి మా ఆయన ఆ చేతిని దుప్పటి కింద పెట్టుకుని ఉన్నాడు.

ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడాది నాకు మొదటి కాన్పు. మా పుట్టిల్లు హుస్నాబాద్ దగ్గర. నన్ను సిరిసిల్లలో సాంచాల ఇంటికి ఇచ్చారు. సాంచా అంటే కరెంటు మగ్గం. మా అత్తగారింట్లో ముందు గదిలో సాంచాలు, వెనక గదిలో మనుషులు. పొద్దంతా ఆ మోతలో మాట్లాడీ మాట్లాడీ ఆ ఇంట్లో అందరి గొంతులూ పెద్దవైపోయాయి. కరెంటు పోయి ఇల్లంతా నిశ్శబ్దంగా ఉన్నప్పుడు కూడా అరుచుకునేవాళ్లు. కొత్తలో వాళ్లంతా నా మీద కోపంగా ఉన్నారేమో అనుకునేదాన్ని. కొన్నాళ్లకు నేనూ అలాగే అరవడం నేర్చుకున్నాను.

ఆడపిల్ల పుట్టింది. బొద్దుగా, నిండు జుట్టుతో ఉంది. మంత్రసాని ఎత్తగానే గట్టిగా ఏడ్చింది, రొమ్ము అందించగానే పట్టింది. మా అవ్వ, అంటే మా అమ్మ, పిల్లను తిప్పి తిప్పి చూసి, వేళ్లన్నీ సరిగ్గా ఉన్నాయని సంతోషపడింది. ఏ లోపమూ ఎవరికీ కనపడలేదు.

మూడో నెలలో అత్తగారింటికి వచ్చాక నేనే మొదట గమనించాను. దీపం తెచ్చి ముందు పెడితే పిల్ల చూపు దానివైపు తిరగడం లేదు. కళ్లు పెద్దవి, చాలా అందమైనవి, కానీ ఎటో తిరుగుతూ ఉండేవి. ఎత్తుకుంటే ఒక్కోసారి కట్టెలా బిగుసుకునేది. నవ్వేది కాదు. సాంచాలు ఒక్కసారిగా మొదలైతే మాత్రం ఉలిక్కిపడేది. చెవులు వినపడుతున్నాయి కదా అని నాకు నేనే ధైర్యం చెప్పుకునేదాన్ని. మా అత్త దిష్టి తీసింది, తాయెత్తు కట్టించింది. "మెల్లగ సూస్తది తీ. నీ మొగడు సుత చిన్నప్పుడు గిట్లనే మబ్బుగ ఉండె" అంది. మొగుడు ఇప్పటికీ అలాగే ఉన్నాడు కదా అనుకున్నాను గానీ పైకి అనలేదు.

నన్ను తినేసిన సంగతి ఒక్కటే. పిల్ల పాలు తాగుతుంది, నిద్రపోతుంది, ఏడుస్తుంది, నేను ఎత్తుకుంటే ఊరుకుంటుంది. కానీ నా మొహంలోకి ఒక్కసారీ చూడలేదు. నేను దాని తల్లినని దానికి తెలుస్తోందా? ఈ మాట ఎవరిని అడిగినా పిచ్చిదానివా అంటారు. అందుకని కళ్లు చూపించాలి అని సాకు చెప్పి, మా ఆయన వెంటపడి కరీంనగర్ పిల్లల డాక్టరు దగ్గరికి బయల్దేరదీశాను.

డాక్టరు నడివయసు మనిషి. తొందర లేనివాడు. టేపు పెట్టి తల కొలిచాడు. కళ్లలోకి చూశాడు. ఆ తర్వాత కిటికీకి నల్ల పరదా లాగి, తలుపు మూసి, లైటు ఆర్పేశాడు. "జర ఆగుండ్రి. కండ్లు చీకటికి అలవాటు కావాలె" అన్నాడు. పట్టపగలు ఆ చీకట్లో బిడ్డను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. కాసేపటికి డాక్టరు ఒక టార్చి తీశాడు. వెలుతురు పక్కలకు పోకుండా దాని మూతి చుట్టూ నల్ల రబ్బరు తగిలించి ఉంది. దాన్ని బిడ్డ మాడు మీద ఆనించి మెల్లగా నొక్కాడు.

తలంతా వెలిగింది. టార్చి ఆనిన చోటే కాదు, ఈ చెవి నుంచి ఆ చెవి దాకా, నుదురంతా, వెనకంతా. ఎర్రటి వెలుగు. చర్మం కింద సన్నటి నరాలు గీతల్లా కనపడ్డాయి. కంటిపాపలు కూడా లోపలి నుంచి ఎర్రబారాయి. లాంతరుకు ఎర్ర కాగితం చుట్టినట్టుంది. నిజం చెబుతున్నాను, అంత అందమైనదాన్ని అంతకుముందు నేను చూడలేదు. అన్నాళ్ల భయం ఆ ఒక్క క్షణంలో ఎటో పోయింది. మా ఆయన కూడా "అబ్బా" అన్నాడు. డాక్టరు మాత్రం ఏమీ అనకుండా టార్చి తీసేశాడు.

లైటు వేశాక నన్ను పిల్లకు కుల్లాయి కట్టమని, మా ఆయనను బయటికి తీసుకెళ్లాడు. వాళ్లు వరండాలో చాలాసేపు మాట్లాడుకున్నారు. ఆ రోజుల్లో అంతే, రోగం ఆడదానిదైనా పిల్లదైనా దాని సంగతి మగవాడికే చెప్పేవాళ్లు. మా ఆయన తిరిగొచ్చి గోడవైపు చూస్తూ, "తలల జర నీరున్నదట. మందు రాసిండు" అన్నాడు. బస్సులో దారంతా కిటికీలోంచి బయటికే చూశాడు. వేములవాడ దాటాక నేనే, "ఎట్ల వెలిగిందో సూసినవా?" అని అడిగాను. చూశానన్నట్టు తలూపాడు. బస్సు పడక తల తిరుగుతోందేమో అనుకున్నాను.

ఇంటికి రాగానే మా అత్తకు చెప్పాను. చెప్పకుండా ఉండగలనా! ఆమె నోరు తెరుచుకుని విని, అప్పటికప్పుడు చూపించమంది. మా ఇంట్లో టార్చి ఉండేది. మూతి చుట్టూ మెత్తటి గుడ్డ చుట్టి, తలుపులు వేసి, సాయంత్రం దీపాల వేళ నేనే పెట్టాను. అదే ఎర్రటి వెలుగు. మా అత్త ముందు కూర్చుండిపోయింది, తర్వాత లేచి బిడ్డ కాళ్లకు మొక్కింది. "పోశవ్వ తల్లీ, నా ఇంటికి వచ్చినవా! లోపల దీపం పెట్టుకొని పుట్టిందిరా పిల్ల. అందుకే మన దీపాలను సూస్తలేదు" అంది.

ఆ మాట నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. పిల్ల నన్ను ఎందుకు చూడటం లేదో దానితో తేలిపోయింది. దానికి లోపలే వెలుగు ఉంది, బయటి వాటితో పనేమిటి? పదో తరగతి పాసైనదాన్ని, సైన్సు చదివినదాన్ని, నేను కూడా నమ్మాను. నమ్మితే హాయిగా ఉంది, అందుకని నమ్మాను. మా ఆయన ఒక్కసారి, "ఎందుకే అవ్వా, పసిపిల్ల తలకు ఆ వేడి" అన్నాడు. "నీకేం ఎరుకరా, సాంచా సూసుకోపో" అని మా అత్త కసిరింది. ఆయన వెళ్లి సాంచా చూసుకున్నాడు.

ఇక వాడకట్టులో ఆడవాళ్లు రావడం మొదలైంది. దీపాలు పెట్టే వేళకు వచ్చి వెనక గదిలో కూర్చునేవాళ్లు. పసుపు, కుంకుమ, టెంకాయ తెచ్చేవాళ్లు. నేను తలంటు పోసుకుని, పిల్లకు కాటుక పెట్టి, ఒళ్లో వేసుకుని కూర్చునేదాన్ని. మా అత్త తలుపు మూసి టార్చి పెట్టేది. చీకట్లో అందరూ ఒక్కసారి ఊపిరి పీల్చుకున్న చప్పుడు వినపడేది. అంతకుముందు నేను కొత్త కోడలిని, కూరలో ఉప్పు ఎక్కువేసిన హుస్నాబాద్ పిల్లను. ఇప్పుడు అమ్మవారిని కన్న తల్లిని. నడకలో కూడా తేడా వచ్చి ఉంటుంది. పిల్ల తల మాత్రం నెలనెలా కొంచెం పెద్దదవుతూనే ఉంది. దాన్ని కూడా అందరూ మహిమ కిందే లెక్కేశారు.

ఎదురింటామెకు కూడా నా బిడ్డ పుట్టిన రోజుల్లోనే కొడుకు పుట్టాడు. నన్ను అక్కా అని పిలిచేది. ఒక సాయంత్రం అందరూ వెళ్లాక వాడిని ఎత్తుకుని వచ్చి, "అక్కా, జర మావోనికి సుత పెట్టి సూడరాదు" అంది. మా అత్త పెట్టింది. టార్చి చుట్టూ సన్నగా ఎర్రటి అంచు కనపడింది, అంతే. మిగతా తలంతా చీకటే. గుడ్డ సరిచేసి ఇంకోచోట పెట్టింది. అక్కడా అంతే. "అందరికి ఉంటదా బిడ్డా" అని మా అత్త జాలిపడింది. నేనూ జాలిపడ్డాను. ఆ జాలిలో ఎంత గర్వం ఉందో ఎదురింటామెకు తెలిసే ఉంటుంది.

ఆ తర్వాత ఆమె అన్నం సరిగ్గా తినలేదు. తన కొడుకు తలలో చీకటి ఉందని దిగులు పెట్టుకుంది. వాడు చక్కగా నవ్వేవాడు, తల్లి కొంగు పట్టుకు లాగేవాడు, దీపం వైపు చేతులు చాచేవాడు. అవేవీ ఆమె కంటికి ఆనలేదు. "నన్ను ఆ డాక్టరు దగ్గరికి తీస్కపో అక్కా. వెలుగు రానీకి ఏమన్న మందు ఉంటదేమో" అని ఏడ్చింది. ఆమె మొగుడు షోలాపూర్‌లో పనిచేసేవాడు. నేనే తీసుకెళ్తానన్నాను. నా బిడ్డను అత్త దగ్గర పెట్టి, పొద్దున బస్సెక్కాం.

డాక్టరు వాడిని అన్ని విధాలా చూశాడు. "మంచిగున్నడు. ఏమైందని తెచ్చిండ్రు?" అన్నాడు.

"తల వెలుగుతలేదు సారూ" అంది ఆమె.

ఆయనకు అర్థం కాలేదు. మళ్లీ చెప్పింది. టార్చి పెట్టి చూశాం, అంచు తప్ప ఏమీ రాలేదు అని. ఆయన నవ్వేశాడు. పరదా లాగి, లైటు ఆర్పి, తన టార్చి పెట్టి చూపించాడు. అదే సన్నటి అంచు.

"వెలగొద్దమ్మా. గిట్లనే ఉండాలె" అన్నాడు. "ఒంట్లకు పోయిన వెలుతురు సక్కగ పోదు. ఆడింత ఈడింత తగిలి చెదిరిపోతది. కొంత నెత్తురు మింగుతది. ఎరుపు ఒక్కటే జర దూరం పోతది, అందుకే గా అంచు ఎర్రగ కనపడుతది. లోపల మెదడు నిండుగ ఉంటే వెలుతురు ఆడికాడికే ఆగిపోతది. నీ కొడుకు మెదడు మంచిగున్నదన్నట్టు."

ఆమె కొడుకును గుండెకు హత్తుకుంది.

"తలంత వెలిగితే?" అని నేనడిగాను.

"ఆపేటిది లోపల లేదన్నట్టు. వట్టి నీళ్లే. నీళ్లల్లకెళ్లి వెలుతురు అటు నుంచి ఇటు..." అంటూ లైటు వేశాడు. అప్పుడు నా మొహం చూశాడు. నన్ను గుర్తుపట్టాడు. చేతిలో టార్చి అలాగే ఉంది. "మీ ఆయన చెప్పలేదా?" అన్నాడు.

అన్ని నెలలుగా గొంతులో ఉన్న మాట దానంతట అదే బయటికి వచ్చింది. "నా బిడ్డ నన్ను గుర్తుపడతదా సార్?" అన్నాను.

ఆయన కుర్చీ జరిపి నా ఎదురుగా కూర్చున్నాడు. అబద్ధం చెప్పలేదు. అందుకు ఆయనను తర్వాత ఎన్నిసార్లు తిట్టుకున్నానో, ఎన్నిసార్లు దండం పెట్టుకున్నానో. "పాలు తాగుడు, నిద్ర, ఏడుపు, ఊపిరి... ఇవన్నీ మెదడుల కింది భాగం చేస్తది. అది మీ పాపకు ఉన్నది. మనిషిని గుర్తుపట్టేది పైభాగం. అది తయారే కాలే" అన్నాడు.

"నేను ఎత్తుకుంటే ఊకుంటది సార్."

"ఊకుంటది. వెచ్చగ అయితది, ఊపుతరు. గట్ల ఎవరు ఎత్తుకున్నా..." ఆయన ఆ మాట పూర్తి చేయలేదు. ఏడాది దాటడం కష్టమని మాత్రం చివరికి చెప్పాడు.

బస్సులో ఆమె నన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టింది. కొడుకు కిలకిలమంటుంటే వాడి నోటి మీద చెయ్యి అడ్డం పెడుతోంది. తన సంతోషం నా కంట పడకూడదని కొంగు నిండా కప్పుకుంది. ఆమె మంచిదే. కానీ ఆ క్షణాన ఆమెను, ఆ నవ్వుతున్న పిల్లవాడిని నేను ద్వేషించాను. బస్సులోంచి దిగిపోవాలనిపించింది.

ఇంటికి వచ్చేసరికి దీపాల వేళ కావస్తోంది. నేను ముందు సాంచాల గదిలోకే వెళ్లాను. మోత మధ్య నేను అరిచింది ఆయనకు వినపడలేదు. నా మొహం చూసి తన సాంచా ఆపేశాడు. పక్కవాళ్లు కూడా ఒక్కొక్కరే ఆపేశారు. ఆ ఇంట్లో కరెంటు ఉండగా అంత నిశ్శబ్దం నేను ఎప్పుడూ వినలేదు.

"నీకు ఎరుకేనా?" అన్నాను.

"ఎరుకే."

"అప్పటినుంచేనా?"

తలూపాడు. "నువ్వు పిల్లకు పాలిచ్చుకుంట నవ్వుతున్నవు. అవ్వ సంబురపడుతున్నది. ఎట్ల చెప్పాలె చెప్పు" అన్నాడు.

వాడకట్టంతా వచ్చి నా బిడ్డ తలలోని నీళ్లకు మొక్కుతుంటే ఈ గోడకు ఇవతల నిలబడి నేత నేసుకున్నావా అని అడిగాను. గట్టిగానే అడిగాను, ఆ ఇంట్లో నేర్చిన గొంతుతో. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు జాలి కలగలేదు. ఆయన ఒక్కడే ఆ సంగతి మోశాడని ఇప్పుడు తెలుసు. నా వాటాను కూడా నన్నడగకుండా మోశాడన్న కోపం మాత్రం ఇప్పటికీ తగ్గలేదు.

వెనక గదిలో అప్పటికే ఆడవాళ్లు వచ్చి కూర్చున్నారు. బిడ్డ ఏడుస్తోంది. మా అత్త భుజాన వేసుకుని ఊపుతోంది. మా ఆయన నా వెనకే వచ్చి, "ఇగ గిదంత బంద్. అందరు ఇండ్లకు పోండ్రి" అన్నాడు. మా అత్త ఎందుకురా అని కసిరింది. ఆయన ఆమెను పక్కకు పిలిచి చెప్పాడు. "డాక్టరుకేం ఎరుక!" అని ఆమె ఒక్క అరుపు అరిచింది. ఆడవాళ్లు టెంకాయలు ఎక్కడివక్కడ వదిలేసి మెల్లగా లేచారు.

మా అత్త ఏడుస్తున్న పిల్లను తెచ్చి నా చేతుల్లో పెట్టింది. పిల్ల రెండుసార్లు వెక్కి, ఊరుకుంది. "సూసినవా, నీ చెయ్యి పడితేనే ఊకుంటది. అవ్వను ఎరుగదంటరా!" అంది మా అత్త. ఆమె చెంపలు తడిసి ఉన్నాయి.

ఎదురింటామె ఇంకా వెళ్లలేదు. గడప దగ్గర నిలబడి ఉంది, కొడుకును ఎవరికో ఇచ్చి వచ్చినట్టుంది. నేను గోడకు ఆనుకోవడం ఆమె చూసింది. ముందుకొచ్చి రెండు చేతులూ చాచి, "కూసో అక్కా. జరసేపు పాపను నాకియ్యి" అంది.

ఇస్తే కూర్చోగలిగేదాన్నే. పొద్దుటి నుంచి మంచినీళ్లు కూడా తాగలేదు. కానీ ఇస్తే, ఆమె చేతుల్లో కూడా నా బిడ్డ అలాగే రెండుసార్లు వెక్కి ఊరుకుంటుందేమో. డాక్టరు పూర్తి చేయని మాట నా కళ్ల ముందే పూర్తవుతుందేమో. వద్దన్నాను. ఆ రోజే కాదు, పిల్ల బతికి ఉన్న ఆ కొద్ది నెలలూ చంక వాచినా, జ్వరమొచ్చినా, ఏడుస్తున్నప్పుడు దాన్ని ఇంకెవరి చేతికీ ఇవ్వలేదు.